థ్రీ నాట్ త్రీ మీద ఈ ముద్రలేంటో ఎవరైనా చెప్పగలరా?

డాలస్ కుర్రోడు:
అందరికీ నమస్కారం. పోయిన నెల ఇక్కడ గన్ షోలో ఒక పాత థ్రీ నాట్ త్రీ రైఫిల్, దానితో పాటు బాయ్‌నెట్ (మూతికి బిగించే కత్తి) కొన్నాను. ఇషాపూర్ అన్న బెంగాల్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరు కనబడగానే మనవాళ్లు చేసింది కదా అని బేరం కూడా సరిగ్గా ఆడలేదు. ఇంటికొచ్చి చూస్తే ఒక్కో ముక్క మీద ఒక్కో ముద్ర. బట్ (భుజానికి ఆనించే చెక్క) బిగించే చోట ఇనుము మీద కిరీటం, కింద "జీ ఆర్ ఐ", ఇషాపూర్, 1943, "నంబర్ 1 మార్క్ 3" పక్కన ఒక చుక్క గుర్తు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ నోస్‌క్యాప్ (మూతి దగ్గరి ఇనుప తొడుగు) మీద సున్నా, పక్కన "ఏ" ఉన్నాయి. బట్ చెక్క మీద "ఎస్ ఎల్ ఏ జెడ్ 43" అని ఉంది. బాయ్‌నెట్ మీద 1907 అని పెద్దగా, ఇంకోవైపు ఇంటూ గుర్తు. అమ్మినాయన 1907లో చేసిన బాయ్‌నెట్ అన్నాడు. ఆ ఇంటూ చూస్తే పనికిరాదని కొట్టేసిన సరుకేమో అని టెన్షన్. నన్ను ముంచారా?

గుంటూరు మిర్చి:
జీ ఆర్ ఐ అంటే కంపెనీ పేరై ఉంటుంది. ఇంటూ అంటే రిజెక్ట్ అన్నట్టేగా, పోయాయి బ్రో డబ్బులు 😀

మాజీ ఆర్మరర్:
తెలియనప్పుడు భయపెట్టకండి బాబూ. నేను ఆర్మీ రిపేరు విభాగం ఈఎంఈలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా చేసి రిటైరై తిరుమలగిరిలో ఉంటున్నాను. ఎన్‌సీసీ వాళ్ల థ్రీ నాట్ త్రీలు మా దగ్గరికి రిపేరుకు వచ్చేవి, ఈ ముద్రలు చూసీ చూసీ కళ్లు కాయలు కాశాయి.

జీ ఆర్ ఐ కంపెనీ కాదు, జార్జ్ రెక్స్ ఇంపరేటర్. లాటిన్‌లో జార్జి, రాజు, చక్రవర్తి అని. ఇంగ్లండులో చేసినవాటి మీద జీ ఆర్ వరకే ఉంటుంది. ఇక్కడ ఆయన చక్రవర్తి కాబట్టి ఇషాపూర్ వాళ్లు ఆ "ఐ" కూడా కొట్టేవారు. స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. మార్క్ 3 పక్కన చుక్క అంటున్నావు, అది నక్షత్రం గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధంలో తయారీ తొందరగా అవ్వాలని మ్యాగజైన్ కటాఫ్ (మ్యాగజైన్ నుంచి తూటాలు రాకుండా ఆపే పలక), దూరం కాల్పుల సైట్లు లాంటివి తీసేసి చేసిన రకానికి ఆ నక్షత్రం పెట్టారు.

నోస్‌క్యాప్ మీద ఉన్నది సున్నా కాదనుకుంటా. ఒక పని చెయ్. నూనె గుడ్డతో తుడిచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, సుద్దముక్క అద్ది పైపైన గుడ్డతో తుడు. గుంటల్లో సుద్ద నిలిచి అక్షరం తెల్లగా కనబడుతుంది. తర్వాత గదిలో లైటు ఆపి టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ తెలీదు. గరుకు కాగితం, ఇనుప బ్రష్ మాత్రం ముట్టుకోకు, ఒక్కసారి గీకావంటే ఆ ముద్ర మళ్లీ రాదు.

డాలస్ కుర్రోడు:
చేశాను అంకుల్! సున్నా కాదు, "ఓ". ఓ ఏ. సుద్ద పెట్టగానే ఎంత స్పష్టంగా వచ్చిందో. ఇంతకీ ఓ ఏ అంటే?

మాజీ ఆర్మరర్:
అనుకున్నాను. అది ఆస్ట్రేలియా ముక్క. అక్కడ న్యూ సౌత్ వేల్స్‌లో లిత్‌గో అని ఊరు, 1912 నుంచి రైఫిల్ ఫ్యాక్టరీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఒక్క ఫ్యాక్టరీ చాలక చుట్టుపక్కల ఊళ్లలో అనుబంధ ఫ్యాక్టరీలు పెట్టి చిన్న చిన్న భాగాలు చేయించారు. ఆరెంజ్ అనే ఊరి ముక్కల మీద ఓ ఏ, బాతర్స్ట్‌వి బీ ఏ, ఫోర్బ్స్‌వి ఎఫ్ ఏ. బట్ మీద ఎస్ ఎల్ ఏ జెడ్ చూస్తే నవ్వొస్తుంది నీకు, అది స్లాజెంజర్. టెన్నిస్ రాకెట్ల కంపెనీయే. చెక్క పని బాగా వచ్చినవాళ్లు కదా, యుద్ధంలో రైఫిల్ చెక్కలు వాళ్ల చేత చేయించారు. 43 అంటే 1943.

అయితే ఇషాపూర్ తుపాకీకి ఆస్ట్రేలియా ముక్కలేమిటి అంటావా, ఓవర్‌హాల్‌కి వచ్చినప్పుడు అన్నీ విప్పేసి, పాడైనదాని బదులు స్టోర్‌లో కొలతకు సరిపోయేది ఏది దొరికితే అది వేసేవాళ్లం. అది ఏ ఊరిదో ఎవడు చూస్తాడు. బట్ సాకెట్ (బట్ బిగించే ఆ ఇనుము) మీది ముద్ర బాడీ ఎక్కడ పుట్టిందో చెబుతుంది, అంతే. మిగతా ముద్రలు అది ఎవరెవరి చేతులు మారిందో చెబుతాయి. అన్నీ ఒకే ఫ్యాక్టరీవి ఉంటేనే అసలు అనుకోవద్దు. నీది నకిలీ కాదు. ముందు భాగం చెక్కకి అడ్డంగా దిగిన స్క్రూ ఉందేమో చూడు, చెక్క పగలకుండా ఇషాపూర్‌లో అలా బిగించేవారు.

గుంటూరు మిర్చి:
సారీ అండి, నోటికొచ్చింది అనేశాను. మరి ఆ 1907, ఇంటూ? మా అమ్మమ్మ వాళ్లింట్లో అటక మీద కూడా అచ్చం 1907 అని ఉన్న బాయ్‌నెట్ ఒకటి ఉంది, తాతయ్య బర్మా నుంచి తెచ్చాడంటారు.

మాజీ ఆర్మరర్:
1907 అన్నది మోడల్ పేరు. 1907 నమూనా బాయ్‌నెట్, అలుగు (కత్తి భాగం) 17 అంగుళాలు. దీనికే సగంమంది మోసపోతారు, అమ్మేవాళ్లు కూడా తెలిసో తెలియకో అదే చెబుతారు. దాని కిందే చిన్నగా నెల, సంవత్సరం ఉంటాయి, అవి చూడండి. ఇంటూ అంటే రిజెక్ట్ కానే కాదు, అలుగు వంచి చూసి విరగలేదని నిర్ధారించుకున్నాక కొట్టే గుర్తు. పాసైనట్టు.

మీ ఇంట్లోదాని సంగతి వేరు బాబూ. ఆయుధాల నిబంధనల్లో బాయ్‌నెట్ అని పేరు పెట్టి మరీ ఉంది. ఫోటోలు ఎక్కడా పెట్టకుండా ముందు ఒక లాయర్ని అడగండి. తుపాకీ భాగాలైతే 1959 చట్టం ప్రకారం విడి ముక్క కూడా ఆయుధమే.

డాలస్ కుర్రోడు:
స్క్రూ ఉంది అంకుల్! బాయ్‌నెట్ మీద 11, పక్కన 17, కింద విల్కిన్‌సన్. అంటే 1917 నవంబర్. బ్యారెల్ మూతి దగ్గర ఇక్కడి ఊరు, రాష్ట్రం పేరు సన్నగా చెక్కి ఉన్నాయి, అవేంటి?

మాజీ ఆర్మరర్:
అది దిగుమతి చేసినవాళ్ల గుర్తు. మీ దేశంలో 1968 చట్టం వచ్చాక తెచ్చినవాళ్లు అలా వేయాలి. దాంతో మనకు పని లేదు. అసలు చూడాల్సింది రెండున్నాయి. బట్ మీద గానీ, బాడీ మీద గానీ డీ పీ అని ఉందా? ఉంటే అది డ్రిల్లుకే, తూటా పెట్టకూడదు. బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) హ్యాండిల్ వెనక నంబరు, బాడీ మీది నంబరు ఒకటేనా?

డాలస్ కుర్రోడు:
డీ పీ ఎక్కడా లేదు. నంబర్లు కలవట్లేదు. బోల్ట్ మీద చివర 4, బాడీ మీద 9.

మాజీ ఆర్మరర్:
అయితే రేంజికి తీసుకెళ్లకు. వేరే బోల్ట్ వేసినప్పుడు హెడ్‌స్పేస్ గేజ్ (మూసిన బోల్ట్‌కీ తూటా కూర్చునే చోటుకీ మధ్య ఖాళీ కొలిచేది) పెట్టి చూడాలి, తేడా ఉంటే గుండు పేలినప్పుడు కేసు చిరిగి గ్యాసు నీ ముఖం మీదికి వస్తుంది. గన్‌స్మిత్‌కి ఇచ్చి థ్రీ నాట్ త్రీ గేజ్‌తో చూడమను, 7.62 గేజ్ కాదు. ఇషాపూర్ 7.62 రైఫిళ్లు 1962 తర్వాతవి, బయటికి ఇలాగే ఉంటాయి, కంగారులో అదీ ఇదీ కలిపేసేవాళ్లున్నారు.

డాలస్ కుర్రోడు:
సరే అంకుల్, శనివారం తీసుకెళ్తాను. ఓ ఏ ఫోటో ఇందాకే మా నాన్నకి పంపితే "ఆస్ట్రేలియా సరుకు కొని ఇషాపూర్ అంటావేంట్రా" అన్నారు.

మాజీ ఆర్మరర్:
బట్ సాకెట్ ఫోటో కూడా పంపు.