చిప్స్ మీద ఏం వేసుకుంటారు? తిరిగిన ఊళ్లలో మీకు దొరికిన రుచి చెప్పండి

లీడ్స్‌లో ఖమ్మం అబ్బాయి:

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట. చిప్స్ అంటే మన దగ్గర ప్యాకెట్లలో అమ్మే పల్చటి బిళ్లలు కావు, వాటిని ఇంగ్లండ్‌లో క్రిస్ప్స్ అంటారు. నేను అడిగేది వేలెడు లావున కోసి నూనెలో వేయించిన ఆలుగడ్డ ముక్కల గురించి.

నేను లీడ్స్ వచ్చి రెండేళ్లయింది. మొదటి నవంబర్ ఇంకా గుర్తుంది, నాలుగున్నరకే చీకటి పడింది, సన్నగా వాన, పార్ట్‌టైం పని అయ్యాక నడుచుకుంటూ వస్తున్నాను, రూంలో వండినదేమీ లేదు. వీధి చివర చిప్స్ షాపులో లైటు చూసి లోపలికి వెళ్లాను. కౌంటర్ వెనకున్న పెద్దావిడ చిప్స్ కాగితంలో పోస్తూ ఉప్పు, వెనిగర్ వెయ్యనా అంది, సరేనన్నాను. తర్వాత స్క్రాప్స్ కావాలా లవ్ అని అడిగింది (లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతంలో అందర్నీ లవ్ అనే పిలుస్తారు, మన దగ్గర బాబూ అన్నట్టు). నాకు అర్థం కాక తల ఊపాను. ఒక గరిటెడు బంగారు రంగు పలుకులు పైన చల్లింది. చేపలు వేయించేటప్పుడు నూనెలో రాలిపడే పిండి పలుకులన్నమాట. మన బజ్జీల బండి దగ్గర మూకుట్లో తేలేవి, చిన్నప్పుడు బండి ఆయన్ని అడిగి మరీ పొట్లంలో వేయించుకునేవాళ్లం కదా, అచ్చం అవే. పైసా తీసుకోలేదు.

బస్ షెల్టర్లో కూర్చుని కాగితం విప్పగానే వెనిగర్ ఆవిరి ముక్కులోకి గుప్పున కొట్టింది. వెనిగర్ తగిలిన ముక్కలు మెత్తబడ్డాయి, పలుకులు మాత్రం కరకరలాడుతున్నాయి. ఇంటి నుంచి వచ్చాక మొదటిసారి కడుపు నిండా తిన్నట్టు అనిపించింది ఆ రోజే.

ఇప్పుడు సంగతేంటంటే, వచ్చే నెలలో ఎడిన్‌బరో, తర్వాత కార్డిఫ్ వెళ్తున్నాను, వేసవిలో ఆమ్‌స్టర్‌డామ్, వీలైతే మాంట్రియల్‌లో బావ వాళ్ల ఇంటికి. ప్రతి ఊళ్లోనూ చిప్స్ మీద ఒక్కో రకం వేస్తారట. మీరు వెళ్లిన చోట మీకు దొరికినది, తర్వాత చలి రోజున గుర్తొచ్చి తినాలనిపించినది ఏంటి? గొడ్డు మాంసం తప్ప అన్నీ తింటాను. నాతో వచ్చే ఫ్రెండ్ పూర్తి శాకాహారి.

ఎడిన్‌బరో శ్రీవల్లి:

తమ్ముడూ, ఎడిన్‌బరో వస్తే వెనిగర్ అడగొద్దు. ఇక్కడ "సాల్ట్ అండ్ సాస్" అంటారు. సాస్ అంటే టొమాటో సాస్ కాదు, బ్రౌన్ సాస్‌ని వెనిగర్‌తోనో నీళ్లతోనో పల్చగా కలిపి పెద్ద సీసాల్లో పోసి ఉంచుతారు, చిప్స్ మీద కుమ్మరిస్తారు. రైలెక్కి గంటలోపే గ్లాస్గో వెళ్తే అక్కడ మళ్లీ ఉప్పు, వెనిగరే. ఈ రెండు ఊళ్లవాళ్లు దీని మీద వాదించుకోవడం నేను నా ఆఫీసులోనే ఎన్నిసార్లు విన్నానో.

నాకెందుకు నచ్చిందో చెప్తాను. మొదటిసారి తిన్నప్పుడు ఈ రుచి నాకు తెలుసే అనిపించింది, తీపి, పులుపు, కాస్త ఘాటు, కానీ ఎక్కడ తిన్నానో గుర్తు రాలేదు. వారం తర్వాత సూపర్‌మార్కెట్లో హెచ్‌పీ అనే కంపెనీ బ్రౌన్ సాస్ సీసా వెనక చదివితే అందులో టొమాటో, ఖర్జూరం, మొలాసిస్‌తో (చెరకు మడ్డి) పాటు చింతపండు కూడా ఉంది! అక్కడే నిలబడిపోయాను. మా అమ్మ చింతపండు పులుసులో బెల్లం వేసి దగ్గర పడేదాకా ఉడికిస్తుంది, పులిహోర పులుసు కన్నా కొంచెం తియ్యగా ఉంటుంది, గరిటె నాకితే నాలుక అంచున తగిలేది ఆ పులుపే. అప్పటి నుంచి అమలాపురం గుర్తొచ్చినప్పుడల్లా సాల్ట్ అండ్ సాస్ తెచ్చుకుంటాను. వెనిగర్ వల్ల మామూలు సీసాలోని సాస్ కన్నా పుల్లగా ఉంటుంది, ముక్కల మధ్యలోకి జారి అడుగున చేరుతుంది, కాబట్టి అడుగు నుంచి కలుపుకుంటూ తినండి.

నాటింగ్‌హామ్ పద్మజ:

బాబూ, నీ పోస్ట్ చదివి ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. గొడ్డు మాంసం తినను అన్నావు, లీడ్స్ అన్నావు. యార్క్‌షైర్‌లో చాలా షాపుల్లో చిప్స్ వేయించేది నూనెలో కాదు, బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే కరిగించిన గొడ్డు కొవ్వులో. అక్కడివాళ్లకి అదే అసలైన రుచి, దాచిపెట్టేది కూడా ఏమీ ఉండదు, చాలాచోట్ల గర్వంగా బోర్డు మీదే రాసుకుంటారు. మనకే ఆలుగడ్డలే కదా అని అడగాలని తోచదు.

నేను శాకాహారిని. ఈ దేశం వచ్చిన కొత్తలో అలాగే ఒక షాపులో ఆరు నెలలు తిన్నాను. ఒకరోజు క్యూలో నా ముందున్నాయన అడిగితే డ్రిప్పింగ్ అని చెప్పడం విన్నాను. పొట్లం చేతిలో పట్టుకుని బయటికి వచ్చేశాను, ఆ రాత్రి అన్నం తినలేదు. ఎవరి మీదా కోపం లేదు, బాధ మాత్రం చాలా రోజులు ఉంది. అందుకే నీ ఫ్రెండ్ కోసం వివరంగా రాస్తున్నాను. లోపలికి వెళ్లగానే "వెజిటబుల్ ఆయిల్‌లో వేయిస్తారా" అని అడగాలి, తర్వాత "చిప్స్‌కి, చేపకి వేరే మూకుడా" అని అడగాలి. గ్రేవీ అంటే మాంసం రసంతో చేసినదే అనుకోవాలి, కాదని వాళ్లే చెప్తే తప్ప. స్క్రాప్స్ చేప మూకుట్లోవి, శాకాహారులు వద్దనడమే మంచిది. బెల్జియంలో కూడా పాత పద్ధతి షాపుల్లో గొడ్డు కొవ్వే వాడతారు, అక్కడా అడగాలి.

ఇక తినగలిగినది చెప్తాను. నాటింగ్‌హామ్‌లో మషీ పీస్ మీద పుదీనా సాస్ వేస్తారు, సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో జరిగే గూస్ ఫెయిర్ అనే జాతరలో గిన్నెలకు గిన్నెలు అమ్ముతారు. మషీ పీస్ అంటే ఎండు బఠాణీలు రాత్రంతా సోడా ఉప్పుతో నానబెట్టి మెత్తగా చిదిగిపోయేలా ఉడికించినవి. మన చాట్ బండి మీద పెనం మధ్యలో కుప్ప పోసి ఉడికిస్తూ ఉంటాడు చూడు, ఆ బఠాణీకి చుట్టమే, కాకపోతే ఇందులో కారం లేదు. పుదీనా సాస్‌లో తరిగిన పుదీనా, వెనిగర్, పంచదార అంతే. వేడి చిప్స్ మీద ఒక గరిటె బఠాణీ, దాని మీద ఆ పచ్చటి పులుసు వేసుకుంటే నాకు కోఠీలో కాలేజీ రోజులు కళ్లముందు తిరుగుతాయి. ఉల్లిపాయ ముక్కలు నేను ఇంటి నుంచి డబ్బాలో తీసుకెళ్తాను.

ఐండోవెన్ రవికిరణ్:

పద్మజ గారు చెప్పినది ముఖ్యం, అందరూ చదవండి.

నెదర్లాండ్స్ గురించి నేను చెప్తాను. ఇక్కడ మామూలుగా మయోనైజ్ వేస్తారు, అది నాకు అంతగా ఎక్కలేదు. కానీ "పటాచె ఓర్లొగ్" అని ఒకటుంది, ఓర్లొగ్ అంటే యుద్ధం. చిప్స్ మీద మయోనైజ్, దాని పక్కనే వేడి పల్లీల సాస్, పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ. చూడ్డానికి నిజంగానే యుద్ధం జరిగిన చోటులా ఉంటుంది. ఆ పల్లీల సాస్ ఇండోనేషియా సతయ్ (పుల్లకు గుచ్చి కాల్చే మాంసం) నుంచి వచ్చింది, ఆ దేశాన్ని డచ్చివాళ్లు పాలించారు కాబట్టి వాళ్ల వంటలు ఇక్కడి వీధుల్లో ఇప్పటికీ ఉన్నాయి. పల్లీ చట్నీ లేకుండా ఇడ్లీ తినని ఇంట్లో పుట్టిన నాకు ఇంకేం కావాలి! తేడా ఏమిటంటే ఇది తియ్యగా ఉంటుంది, పోపు ఉండదు. షాపువాడిని సంబల్ ఉందా అని అడగండి, అది మిరపకాయ ముద్ద, ఒక చెంచా కలిపితే సరిపోతుంది.

రోటర్‌డామ్ వెళ్తే కప్సలోన్ ఉంది. కప్సలోన్ అంటే క్షౌరశాల. 2003లో ఒక మంగలి తన షాపు పక్కన షవర్మా అంగడికి వెళ్లి తనకిష్టమైనవన్నీ ఒకే రేకు గిన్నెలో వేసిమ్మనేవాడట, చిప్స్, షవర్మా మాంసం, పైన కరిగించిన చీజ్, సలాడ్, వెల్లుల్లి సాస్, సంబల్. అది చూసి మిగతావాళ్లూ అడగడం మొదలుపెట్టారు, ఆ పేరే నిలిచిపోయింది. ఒక్కరు తినలేరు, ఇద్దరికి ఒకటి చాలు. మాంసం చికెన్‌దేనా అని అడిగి తీసుకో బ్రో.

మాంట్రియల్ వదిన:

పుటీన్ గురించి ఎవరూ రాయలేదేంటి? మాంట్రియల్ ఉన్న క్యూబెక్ రాష్ట్రానికి వచ్చి అది తినకుండా వెళ్తే మీ బావే ఊరుకోడు.

1950లలో క్యూబెక్ పల్లెటూళ్లలో పుట్టింది, మాదంటే మాదని డ్రమ్మండ్‌విల్, వార్విక్ లాంటి ఊళ్లు ఇప్పటికీ పోటీ పడతాయి. చిప్స్ మీద చీజ్ కర్డ్స్, వాటి మీద సలసల మరిగే గ్రేవీ. ఈ కర్డ్స్ మన పెరుగు కాదు, పనీర్ కూడా కాదు, చీజ్ తయారీలో అచ్చు పోయకముందు ఉండే ముద్దలు. తాజాగా ఉంటే పంటి కింద కీచుమంటాయి, కొత్త చెప్పులు నేల మీద రాసుకున్నట్టు. ఆ చప్పుడు రాకపోతే సరుకు పాతదని ఇక్కడివాళ్లు ముఖం చిట్లిస్తారు. గ్రేవీ వేడికి ముద్దల అంచులు కరిగి సాగుతాయి, లోపల గట్టిగానే ఉంటాయి, ఆ రెండూ కలిసి నోట్లోకి రావాలి. పది నిమిషాలు ఆలస్యమైతే అంతా ఒకే ముద్ద అయిపోతుంది. ఫోటోలు తర్వాత, ముందు తినండి.

మా ఆయన జనవరిలో మైనస్ ఇరవైలో కారు మంచులోంచి తవ్వి తీసి లోపలికి వచ్చాక పప్పుచారు అడగడు, పుటీన్ అడుగుతాడు. గ్రేవీలో మామూలుగా చికెన్, బీఫ్ రెండింటి రసం ఉంటుంది, అందుకని నేను ఇంట్లోనే పుట్టగొడుగులతో చేస్తాను. ఉల్లిపాయ, పుట్టగొడుగులు నల్లగా వేగనిచ్చి, మైదా, కాస్త సోయా సాస్, మిరియాలు. బయట తినాలంటే వెజిటేరియన్ గ్రేవీ ఉన్న చోట్లు మాంట్రియల్‌లో చాలా ఉన్నాయి. మిరియాలు మాత్రం మీరే దంచుకెళ్లండి.

గుంటూరు సుభద్రమ్మ:

నేను ఎక్కడికీ తిరగలేదు, మా పెద్దబ్బాయి తిరిగి వచ్చి చెప్తే వింటాను. వాడు హల్ అనే ఊళ్లో చదివాడు. అక్కడ చిప్స్ మీద చిప్ స్పైస్ అని ఎర్రటి పొడి చల్లుతారట, ఒక డబ్బా తెచ్చాడు. నాలుక మీద వేసుకుని చూశాను, ఉప్పు, పాప్రికా అనే ఎర్ర మిరప పొడి, ఘాటు లేదు, వాసన బాగుంది. అది చూశాక మన వెల్లుల్లి కారం ఎందుకు వేయకూడదు అనిపించింది. ఎండుమిర్చి కారం, ఉప్పు, జీలకర్ర, పచ్చి వెల్లుల్లి రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచుతాను. వెల్లుల్లి తడి వల్ల ఉండలు కడుతుంది, కాబట్టి చిప్స్ మూకుట్లోంచి తీసిన వేడి మీదే వేసి వెడల్పు గిన్నెలో ఎగరేయాలి, అప్పుడు ప్రతి ముక్కకీ పడుతుంది.

చిప్స్ మెత్తబడకుండా ఉండాలంటే రెండుసార్లు వేయించాలి నాయనా. కోసిన ముక్కలు నీళ్లలో కడిగి, బట్ట మీద పూర్తిగా ఆరబెట్టి, ముందు సన్నటి సెగ మీద రంగు రాకుండా ఉడకనివ్వాలి. తీసి చల్లారనిచ్చి, నూనె బాగా కాగాక మళ్లీ వేస్తే పైన పెళపెళలాడుతుంది, లోపల పిండిలా ఉంటుంది. కొత్త దుంపలు వద్దు, తీపి ఎక్కువై నల్లగా మాడతాయి.

లీడ్స్‌లో ఖమ్మం అబ్బాయి:

పద్మజక్కా, మీ పోస్ట్ చదివిన మర్నాడే ఆ షాపుకి వెళ్లి అడిగాను. డ్రిప్పింగే. రెండేళ్లు తిన్నాను. మనసు చాలా కలత పడింది, అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, తెలియక తిన్నావు, ఇక తెలిసింది కదా అంది. ఆ పెద్దావిడే సిటీ వైపు వెజిటబుల్ ఆయిల్ వాడే షాపు ఎక్కడుందో కాగితం మీద గీసి ఇచ్చింది. అక్కడికి రెండు బస్సులు మారాలి. వెళ్లాను. స్క్రాప్స్ ఉన్నాయి.

శ్రీవల్లక్కా, మొన్న శనివారం ఎడిన్‌బరోలో సాల్ట్ అండ్ సాస్ తిన్నాను, నూనె సంగతి ముందే అడిగాను. చింతపండు అని మీరు చెప్పబట్టి దాన్నే వెతుక్కుంటూ తిన్నాను, మూడో ముక్కకి దొరికింది. నా ఫ్రెండ్ అడుగున మిగిలిన సాస్ కూడా వదల్లేదు. సుభద్రమ్మ గారూ, మీ వెల్లుల్లి కారం చిన్న డబ్బాలో పెట్టుకెళ్లాం, ఇద్దరం సగం సగం కలుపుకున్నాం, సాస్‌తో కలిస్తే ఇంకా బాగుంది.

కార్డిఫ్ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. వచ్చే వారమే ప్రయాణం.

కార్డిఫ్ జాన్సన్:

ఇప్పుడే చూశాను అన్నా. ఇక్కడ "హాఫ్ అండ్ హాఫ్" అని అడుగు, సగం అన్నం, సగం చిప్స్, మీద కర్రీ సాస్. ఇంగ్లండ్ ఊళ్లవాళ్లు వింతగా చూస్తారు కానీ మనకి అన్నంలో ఆలు వేపుడు కలుపుకోవడం కొత్తా? కర్రీ సాస్ మన కూరలా ఉండదు, చైనీస్ పద్ధతిది, పసుపుపచ్చగా, తియ్యగా, చిక్కగా ఉంటుంది. కరోలిన్ స్ట్రీట్ అని ఉంది, అందరూ చిప్పీ లేన్ అంటారు, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటుంది. సాస్ చికెన్ రసంతో చేశారా అని మీ ఫ్రెండ్ కోసం అడుగు. ఆ డబ్బాలో కారం మిగిలితే తీసుకురా, నేను స్టేషన్ దగ్గరికి వస్తాను.