మేనమామ ట్రంకుపెట్టెలో పాత స్టార్ వార్స్ బొమ్మలు: కడగొచ్చా, పిల్లాడి చేతికివ్వొచ్చా?

కావలి టీచరమ్మ

అందరికీ నమస్తే. మాది కావలి. మా మేనమామ ఓడల్లో ఇంజను గదిలో పనిచేసేవాడు. పెళ్లీ పెటాకులూ లేవు, అల్లూరులో ఒక పెంకుటిల్లు, అంతే. పోయినేడు కాలం చేశాడు. ఇల్లు అమ్మకానికి పెట్టి సామాను దించుతుంటే అటక మీది ఇనప ట్రంకుపెట్టెలో, ఉన్ని కోటు కింద, ఈ బొమ్మలు బయటపడ్డాయి. 1980ల మొదట్లో ఇంగ్లండు రేవుల్లో ఓడ ఆగినప్పుడు కొన్నవి. మా చిన్నప్పుడు పండక్కి వెళితే చాప మీద వరసగా నిలబెట్టి చూపించేవాడు గానీ చేతికి ఇచ్చేవాడు కాదు. అవి ఏ సినిమావో మాకేం తెలుసు? నల్ల ముసుగు వాణ్ణి యముడు అనేవాళ్ళం.

మా వాడు తొమ్మిదో తరగతి. చూడగానే పేర్లు గడగడా చదివేశాడు. డార్త్ వేడర్, స్టార్మ్‌ట్రూపర్, ఆర్‌టూ-డీటూ, సీ-త్రీపీఓ, చ్యూబాకా, జావా, యోడా. నాకు కనిపించింది కనిపించినట్టు రాస్తున్నా. వేడర్ వీపున ఉన్న నల్ల ప్లాస్టిక్ అంగీ వేలికి అంటుకుంటోంది. కుడి చేతిలోంచి ఎర్ర కత్తి సగం బయటికొచ్చి ఆగింది. తెల్ల సిపాయి మజ్జిగలో పసుపు కలిపినట్టు అయ్యాడు. బంగారు రంగువాడికి మోకాళ్ళ దగ్గర పూత పోయి లోపలి రంగు కనిపిస్తోంది. జావాకి గుడ్డ అంగీ ఉంది, దానికి కలరా ఉండల వాసన. యోడా చేతిలో కర్ర లేదు. అట్టలూ పెట్టెలూ ఏవీ లేవు, అన్నీ విడి బొమ్మలే.

ఇవి అసలువేనా? కడిగితే పాడవుతాయా? తెల్లవాణ్ణి మళ్ళీ తెల్లగా చేయొచ్చా? ఇంకోటి, మా వాడు వీటిని ఆధారం చేసుకుని కొత్తవి కొనడం మొదలుపెడతానంటున్నాడు. మా ఆయన ఏమో "ప్లాస్టిక్ బొమ్మలకి డబ్బులా, అమ్మేసి ఏసీ సర్వీసింగ్ చేయించు" అంటాడు. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒంగోలు గిత్త

మేడమ్, యముణ్ణి అమ్మే పనైతే ముందు నాకు చెప్పండి. తెల్లవాడి సంగతా, మందుల షాపులో హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది. అందులో ముంచి డాబా మీద ఎండలో పెట్టండి, ఒక్కరోజులో మల్లెపువ్వు. యూట్యూబ్ నిండా అవే వీడియోలు. మిగతావన్నీ సర్ఫ్ నీళ్ళలో వేసి బ్రష్‌తో తోమితే సరి.

ట్రంకురోడ్డు బొమ్మలాయన

అక్కా, ఆ గిత్త చెప్పిన పని మాత్రం చేయొద్దు. నాది నెల్లూరు ట్రంకురోడ్డులో సెల్‌ఫోన్ రిపేరు షాపు. గిరాకీ లేనప్పుడు ఇదే నా లోకం.

ముందు ఆ పెట్టెలోంచి బొమ్మల్ని బయటికి తియ్యండి. కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. గాలాడే గదిలో, ఎండ తగలని చోట, పాత నూలు పంచె పరిచి వాసన పోయేదాకా పడుకోబెట్టండి. గాలి చొరబడని కవర్లలో మూట కట్టొద్దు. వేడర్ అంగీ జిగురు సంగతికొస్తే, అది వినైల్ అనే ప్లాస్టిక్. మెత్తగా ఉండటానికి దాంట్లో కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్ళు గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. ఇనప పెట్టె, అటక, పైన రోహిణి కార్తె ఎండ, ఇంకేం కావాలి దానికి? గోరువెచ్చని నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి, మెత్తటి గుడ్డ పిండి, అంగీ ఒంటి మీద ఉండగానే తుడవండి. విప్పితే చేతుల దగ్గర రంధ్రాలు చిరుగుతాయి. ఆ చిరుగు అతికేది కాదు.

ఆర్‌టూని నీళ్ళలో ముంచితే పనైపోయినట్టే. ఒంటి మీద నీలి గీతలున్న భాగం స్టిక్కరు. ఇయర్‌బడ్ కొంచెం తడిపి దాని చుట్టూ మాత్రమే తుడవండి. తల నెమ్మదిగా తిప్పి చూడండి, టిక్ టిక్ మంటే లోపల బాగున్నట్టు. సీ-త్రీపీఓకి పొడి గుడ్డ తప్ప ఏదీ వద్దు. ఆ బంగారు రంగు పెయింటు కాదు, ప్లాస్టిక్ మీద పట్టించిన పల్చటి లోహపు పూత. సబ్బుతో రుద్దినా స్పిరిట్ పూసినా రాలిపోతుంది. మోకాళ్ళ దగ్గర అరగడం వాడికి మామూలే, దాని గురించి దిగులు పడకండి.

స్టార్మ్‌ట్రూపర్‌ని అట్టాగే వదిలేయండి. ఎండకే కాదు, చీకట్లో పెట్టినా ఆ తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. పెరాక్సైడ్‌తో తెల్లబడుతుంది, నిజమే. చాలాసార్లు ఆ పసుపు మళ్ళీ వస్తుంది, పైగా ఒక్కోసారి చేతులొక రంగు, కాళ్ళొక రంగు అవుతాయి. నల్ల గీతల పెయింటుకి కూడా గ్యారంటీ లేదు. నలభై ఏళ్ళు దాటినవాడు, కొంచెం పసుపుగా ఉంటే ఏం?

ఇక అసలా నకిలీనా అన్నది. భూతద్దం తీసుకుని కాళ్ళ వెనక చూడండి. పిక్కల మీద బుజ్జి అక్షరాలుంటాయి. మొదటి బొమ్మల మీద జి.ఎం.ఎఫ్.జి.ఐ. 1977 అని ఉంటుంది, అంటే జనరల్ మిల్స్ ఫన్ గ్రూప్. జనరల్ మిల్స్ అంటే అమెరికాలో అటుకుల కంపెనీ, బొమ్మలు చేసిన కెన్నర్ కంపెనీ అప్పట్లో వాళ్ళదే. తర్వాతి సినిమాల బొమ్మల్లో చాలావాటి మీద ఎల్.ఎఫ్.ఎల్. అని వచ్చింది, అది లూకాస్‌ఫిల్మ్. కింద హాంగ్‌కాంగ్, తైవాన్ లాంటి దేశం పేరు ఉండొచ్చు, లేకపోవచ్చు. లేదని నకిలీ అనుకోవద్దు. 1977 అని ఉంది కాబట్టి ఆ ఏడు తయారైందనీ అనుకోవద్దు, అది హక్కుల సంవత్సరం, అదే అచ్చుతో ఏళ్ళ తరబడి పోశారు. మీ మామయ్య ఇంగ్లండులో కొన్నాడు కాబట్టి అక్కడ పాలిటాయ్ అనే కంపెనీ అమ్మినవి అయ్యుంటాయి. అట్ట మీద పేరు పాలిటాయ్, బొమ్మ మాత్రం అదే.

1977లో సినిమా విడుదలైంది గానీ క్రిస్మస్‌కి బొమ్మలు తయారు కాలేదు. కెన్నర్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? ఖాళీ అట్టపెట్టె అమ్మారు! లోపల ఒక సర్టిఫికెట్టు. అది పోస్టులో పంపితే మరుసటేడు ల్యూక్, లేయా, చ్యూబాకా, ఆర్‌టూ ఇంటికొస్తాయి. జనం కొన్నారు కూడా. 1978లో మొత్తం పన్నెండు బొమ్మలతో వరస మొదలైంది. మూడు ముప్పావు అంగుళాల ఎత్తే ఎందుకంటే, అంతకన్నా పెద్దవి చేస్తే వాళ్ళు కూర్చునే విమానాలు పిల్లల గదిలో పట్టవు. మీ ఏడింటిలో యోడా తప్ప ఆరూ ఆ పన్నెండులోవే. యోడా 1980 సినిమావాడు.

జావా అంగీ గుడ్డదే అన్నారు, మంచిది. మొదట్లో జావాకి వినైల్ అంగీ ఉండేది. బొమ్మ చిన్నది, అంగీ ప్లాస్టిక్‌ది, ధర మాత్రం అందరితో సమానం, చూడ్డానికి చవకబారుగా ఉందని త్వరగానే గుడ్డకి మార్చేశారు. దాంతో ఆ వినైల్‌వాడు ఇవాళ బంగారం. బెన్ కెనోబీ అనే ఇంకో బొమ్మ వినైల్ అంగీ కత్తిరించి జావాకి తొడిగి అమ్మే ఘనులున్నారు. మీది గుడ్డది కాబట్టి ఎవరూ మోసం చేయలేదని ధీమాగా ఉండొచ్చు.

అబ్బాయి కొనడం గురించి నా మాట ఒకటే. హద్దు పెట్టుకోమనండి. ఈ వరస మధ్యలో 1985 నుంచి 1995 దాకా ఆగింది, అది తప్ప ఇప్పటికీ వస్తూనే ఉంది. అన్నీ కొనాలనుకున్నవాడి ఇల్లూ నిండదు, మనసూ నిండదు. నేనైతే మొదటి పన్నెండు, అవీ అట్ట లేని విడి బొమ్మలే కొంటా. అట్ట మీద ఉన్నదానికి జనం ఇచ్చే డబ్బంతా కాగితానికీ, దాని మీద బొమ్మని మూసి అతికిన ప్లాస్టిక్ బుడగకీ. మన నెల్లూరులో నవంబరు వానలకి ఆ అట్ట వంకర తిరుగుతుంది, మే నెలలో బుడగ ఊడుతుంది. ఏసీ గది ఉన్న మారాజులు చూసుకుంటారులెండి. తక్కువలో మొదలుపెట్టాలంటే 1999లో ఎపిసోడ్ వన్ సినిమా వచ్చినప్పటివి చూడమనండి. అప్పుడు లెక్క లేకుండా పోసి పారేశారు, ఇప్పటికీ పెద్ద ధర లేదు. 1995లో మళ్ళీ మొదలైనప్పటి నారింజ రంగు అట్టలవి ఇంకా తమాషా, ల్యూక్‌కి కూడా కండలు తిరిగి ఉంటాయి, జిమ్ము నుంచి వచ్చినట్టు.

వేడర్ కత్తిని లాగొద్దు. జేబులో దాచినట్టు చేతి లోపల గాడిలో జారుతుంది. కొస సన్నగా ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది. కొస ఉందా లేదా, అది మాత్రం చూసి చెప్పండి.

కావలి టీచరమ్మ

తమ్ముడూ, చాలా థ్యాంక్స్. మా వాడు మీ పోస్టు పైకి చదువుతుంటే మా ఆయన పేపర్ అడ్డం పెట్టుకుని విన్నాడు. ఖాళీ పెట్టె అమ్మిన సంగతి విని "వీళ్ళ దగ్గర నేర్చుకోవాలి వ్యాపారం" అన్నాడు. ఆయనకి ఎరువుల షాపు ఉందిలెండి.

భూతద్దంతో చూశాం. వేడర్‌కీ, తెల్లవాడికీ పిక్కల మీద మీరు చెప్పిన అక్షరాలే, 1977, కింద హాంగ్‌కాంగ్. యోడాకి చూడాలంటే అంగీ విప్పాలేమో అని ముట్టుకోలేదు. ఆర్‌టూ తల టిక్ టిక్ మంటోంది. కత్తి కొస ఉంది, సన్నగా, కొంచెం వంగి. అంగీ తుడిచాను, జిగురు చాలావరకు పోయింది.

యోడా కర్ర కొత్తది విడిగా దొరుకుతుందా? మా వాడు ఆన్‌లైన్‌లో ఏదో చూసి ఆర్డర్ పెడతానంటున్నాడు.

గూడూరు జంక్షన్

నమస్తే టీచర్ గారూ. నేను స్టార్ వార్స్ మనిషిని కాదు, జి.ఐ. జో మనిషిని. మన తరంలో స్టార్ వార్స్ బొమ్మ చూసినవాడు ఎవడండీ ఇక్కడ? మాకు తెలిసిందల్లా ఫన్‌స్కూల్ కంపెనీ వాళ్ళ జి.ఐ. జో, అంటే సిపాయి బొమ్మలు. అమెరికాలో 1982లో హాస్‌బ్రో వాళ్ళు మొదలుపెట్టారు, ఎత్తు ఇదే మూడు ముప్పావు అంగుళాలు. అవే అచ్చులతో మన దగ్గర ఫన్‌స్కూల్ పోసింది. కొన్నిటికి అమెరికాలో ఎప్పుడూ రాని రంగులు వేశారు. ఇప్పుడు అక్కడివాళ్ళే వాటిని వెతుక్కుంటున్నారు.

మీకు ఎందుకు చెప్తున్నానంటే, అబ్బాయి ఇక్కడి పాత బొమ్మలు కూడా కలుపుకుంటే వాటి జబ్బు వేరు. జో నడుము లోపల నల్ల రబ్బరు రింగు ఒకటి ఉంటుంది, కాళ్ళనీ మొండేన్నీ పట్టి ఉంచేది అదే. ఎండిపోయి తెగితే మనిషి రెండు ముక్కలు. వీపులో స్క్రూ విప్పి కొత్తది వేస్తే లేచి కూర్చుంటాడు. కొళాయి సామాన్ల షాపులో సైజు చూసుకుంటే దొరుకుతుంది. కాకపోతే మన ఉప్పుగాలికి స్క్రూ తుప్పు పడుతుంది. దాన్ని బలవంతంగా తిప్పకూడదు, ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదలాలి. మీ కెన్నర్ బొమ్మలకి ఆ బాధ లేదు, స్క్రూలే ఉండవు.

కొత్త బొమ్మల ధర షాపులో చూసి అబ్బాయి కళ్ళు తేలేస్తాడు, ముందే చెప్పి ఉంచండి. బయటి దేశాల బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. చైనాలో చేసిన బొమ్మ ఇక్కడి అద్దాల షాపు దాకా వచ్చేసరికి ఆ ధర అందుకే. మీవాళ్ళు ఎవరైనా అమెరికాలో ఉంటే వచ్చేటప్పుడు సూట్‌కేసు మూలలో ఒకటి పెట్టుకు రమ్మనండి. నెల్లూరు జిల్లాలో అమెరికా చుట్టం లేని ఇల్లుందా?

ఒంగోలు గిత్త

ట్రంకురోడ్డు అన్నా, మల్లెపువ్వు మాట వెనక్కి తీసుకోను. కానీ వాళ్ళ మామయ్య బొమ్మ కాబట్టి ఊరుకుంటున్నా. మేడమ్, వేడర్‌ని బేరం పెడితే మర్చిపోవద్దు.

ట్రంకురోడ్డు బొమ్మలాయన

అక్కా, అది చాలు, ఇక అసలు సంగతి అడగనక్కర్లేదు. హాంగ్‌కాంగ్ అన్నాక, మామయ్య చేతుల మీదుగా నేరుగా వచ్చాక, మీ బొమ్మలు అసలువే.

యోడా కర్ర మాత్రం ఆన్‌లైన్‌లో కొనొద్దు. అక్కడ దొరికేవాటిలో చాలావరకు ఈమధ్య పోసిన నకళ్ళు. కొందరు నీళ్ళలో వేసి తేలితే అసలు, మునిగితే నకిలీ అంటారు, అన్నిసార్లూ కుదరదు. ఆడుకోవడానికి నకలు పెట్టుకుంటే తప్పు లేదు. రేపు ఎవరికైనా ఇచ్చేటప్పుడు మాత్రం అది నకలని చెప్పాలి. అబ్బాయికి ఇది ఇప్పుడే చెప్పండి. ఈ లోకంలో తగాదాలన్నీ అక్కడే పుడతాయి. ముందు ఆ ట్రంకుపెట్టె అడుగున కాగితం లేపి చూడండి, ఉన్ని కోటు జేబులూ చూడండి. యోడాతో పాటు చిన్న పాము కూడా వచ్చేది, మెడలో వేసుకునేది. కర్రతో పాటు అదీ అక్కడే పడి ఉండొచ్చు.

నిలబెట్టడానికి ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ళ దగ్గర నేను మెట్ల స్టాండు చేయించాను. ఈ బొమ్మల అరికాళ్ళలో సన్న రంధ్రాలు ఉంటాయి చూడండి. వాటికి సరిపడా చిన్న చెక్క మేకులు దిగ్గొట్టాడు. ఫ్యాను గాలికి కూడా పడవు. కిటికీకి ఎదురుగా పెట్టకండి, అంతే. కొలతలు కావాలంటే పంపిస్తా.

పిల్లాడి చేతికివ్వొచ్చా అని మొదట అడిగారు కదా, ఇవ్వండి. తొమ్మిదో తరగతివాడు ఏమీ విరగ్గొట్టడు. వేడర్ కత్తి మాత్రం లోపలికి తోసి ఇవ్వండి. యోడా అంగీ విప్పాలంటే షాపుకి తీసుకురండి, ముందు నడుం బెల్టు తీసే పద్ధతి ఉంది, చూపిస్తా. ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది.