నట్ల చక్రమున్న మామూలు సైకిల్ ఇంట్లో తొక్కాలంటే?

ప్రశ్న: 26 అంగుళాల గేర్ సైకిల్ ఉంది. వెనక చక్రానికి నట్లే, క్విక్ రిలీజ్ (పానా లేకుండా చక్రం ఊడదీసే లివర్) లేదు. డబుల్ స్టాండ్ వేసి ఇంట్లో తొక్కితే చాలా, ట్రైనర్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచి ఉన్నచోటే తొక్కనిచ్చే స్టాండు) కొనాలా?

జవాబు 1: స్టాండ్ మీద వద్దండి. చక్రం గాల్లో తిరుగుతుంది, కాళ్లకు బరువే తగలదు. పైగా ఆ స్టాండు ఖాళీ సైకిల్ నిలబడటానికే, మనిషెక్కి తొక్కితే వంగిపోతుంది. టైరుకు ఆనుకునే రోలర్ ఉండి, అయస్కాంతంతో బరువు తగిలించే మాగ్నెటిక్ ట్రైనర్ తీసుకోండి, 26 అంగుళాల చక్రం పడుతుందో ముందే చూసుకుని.

జవాబు 2: నట్ల సంగతి ముఖ్యం. మామూలు నట్లు ట్రైనర్ బిగింపు కప్పుల్లో సరిగ్గా కూర్చోవు, తొక్కుతుంటే సైకిల్ పక్కకు జారుతుంది. ట్రైనర్ యాక్సిల్ (ఇరుసు) నట్లు విడిగా దొరుకుతాయి, మీ యాక్సిల్ మర కొలతకు సరిపోయేవి కొనండి. టైరు పక్కన రాసిన పరిమితిలో గాలి గట్టిగా కొట్టాకే రోలర్ తగిలించండి. రోలర్ పక్కనుండే బరువైన ఫ్లైవీల్ బిళ్ల‌ను చేత్తో పట్టుకుని చక్రాన్ని లాగి చూడండి. టైరు జారితే రోలర్ను టైరుకు నొక్కే స్క్రూ ఇంకొంచెం బిగించాలి. వదులుగా ఉంటే టైరు అరిగి నల్లపొడి రాలుతుంది, మరీ బిగిస్తే వేడెక్కుతుంది.

ప్రశ్న వేసినవారు: నాది గుబ్బల టైరండీ. పరవాలేదా?

జవాబు 3: రొద భరించలేరు, గుబ్బలూ త్వరగా అరుగుతాయి. నున్నటి టైరు వేయించండి. ముందు చక్రం కింద దిమ్మె పెట్టి రెండు చక్రాలూ సమం చేయండి, లేకపోతే బరువంతా అరచేతుల మీద పడుతుంది. హ్యాండిల్ మీద తువ్వాలు తప్పనిసరి: చెమట ఉప్పుకు స్టెమ్ (హ్యాండిల్ను పట్టి ఉంచే భాగం) బోల్టులు తుప్పుపడతాయి.