పిట్స్‌బర్గ్‌లో గుడి అయ్యాక ఎటు? కార్నెగీ మ్యూజియమా, హోమ్‌స్టెడ్ వైపా?

ఒహాయో రవి:
వచ్చే నెల అమ్మానాన్నలతో పిట్స్‌బర్గ్ ప్రయాణం. పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం పొద్దున్నే అయిపోతుంది. ప్రసాదం తిని అటునుంచటే కారెక్కి వచ్చేయడం మా బంధువులందరికీ అలవాటు. ఈసారి మధ్యాహ్నమంతా ఖాళీ పెట్టాను. మా ఆవిడ కార్నెగీ మ్యూజియం అంటోంది, నేను హోమ్‌స్టెడ్ వైపు కేరీ బ్లాస్ట్ ఫర్నేస్‌లు, అంటే ఖనిజం కరిగించి ఇనుము తీసిన పాత పెద్ద కొలిములు, అంటున్నాను. "తుప్పు పట్టిన ఇనుము చూడ్డానికి టికెట్టా?" అని ఆవిడ నవ్వుతోంది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. మీరైతే ఎటు వెళ్తారు?

పెన్‌హిల్స్ పద్మ:
మీ ఆవిడ మాటే వినండి. మ్యూజియంలో డిప్లొడోకస్ అనే డైనోసార్ అసలు ఎముకలున్నాయి. టిరనోసారస్ రెక్స్‌ అనే పేరు పెట్టడానికి ఆధారమైన అస్థిపంజరం కూడా అక్కడే ఉంది. ఏసీ, లిఫ్టు, కూర్చోడానికి బెంచీలు. పక్కనే యూనివర్సిటీవాళ్ళ 42 అంతస్తుల కేథడ్రల్ ఆఫ్ లెర్నింగ్. అందులో నలందా తరహాలో కట్టిన ఇండియన్ రూమ్ చూస్తే పెద్దవాళ్ళు సంతోషిస్తారు. ఫర్నేస్‌ల దగ్గర ఎండ, గతుకుల నేల. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని అక్కడ తిప్పుతారా?

మోనోంగహేలా మూర్తి:
పద్మగారూ, మోకాళ్ళ విషయంలో మీతో పేచీ లేదు. కానీ ఆ మ్యూజియం డబ్బు ఎక్కడిదో చూడకుండా మ్యూజియం ఒక్కటే చూసి వస్తే ఊరు సగమే చూసినట్టు. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో జీతాల కోతపై గొడవ మొదలైంది. యజమాని ఆండ్రూ కార్నెగీ స్కాట్లండ్‌లో సేద తీరుతున్నాడు. ఇక్కడ మేనేజర్ హెన్రీ క్లే ఫ్రిక్ కర్మాగారం చుట్టూ ఎత్తైన కంచె కట్టించి, కార్మికుల్ని బయటే ఉంచాడు. జులై 6 తెల్లవారుజామున 300 మంది పింకర్టన్ ఏజెంట్లను, అంటే ప్రైవేటు కాపలా సంస్థ మనుషులను, పడవల్లో మోనోంగహేలా నది మీదుగా దింపబోయాడు. ఊరు ఊరంతా ఒడ్డుకి వచ్చేసింది. సాయంత్రం దాకా కాల్పులు. రెండు వైపులా కలిపి పదిమంది దాకా పోయారు. పింకర్టన్లు లొంగిపోయారు గానీ, తర్వాత 8,500 మంది రాష్ట్ర సైనికులు దిగారు, యూనియన్ నడుం విరిగింది.

సరిగ్గా మూడేళ్ళకు, 1895లో, మీరు చెప్పిన ఆ మ్యూజియం, లైబ్రరీ సముదాయం తెరిచారు. 1898లో కార్నెగీ హోమ్‌స్టెడ్‌లోనే ఇంకో లైబ్రరీ కట్టాడు, ఈతకొలను, సంగీత మందిరంతో సహా. రోజుకి 12 గంటలు కొలిమి దగ్గర నిలబడ్డవాడు పుస్తకం ఎప్పుడు చదవాలి అని కార్మికులు అప్పుడే అడిగారు.

డాలస్ డాక్టర్:
ఇదొక జబ్బు మనవాళ్ళకి, మంచి చేసినవాడి లొసుగులు వెతకడం. కార్నెగీ 2,500కి పైగా లైబ్రరీలు కట్టించాడు. ఆస్తిలో చాలా భాగం పంచేశాడు. కాల్పుల పాపం ఫ్రిక్‌ది. ఆ రోజుల్లో ఏ కోటీశ్వరుడు చేతులకి మట్టి అంటకుండా ఎదిగాడు?

మోనోంగహేలా మూర్తి:
లైబ్రరీలు మంచివే, కాదన్నదెవరు? కానీ పాపమంతా ఫ్రిక్ నెత్తిన రుద్దడం కుదరదు. నువ్వేం చేసినా మా మద్దతు ఉంటుందని కార్నెగీ గొడవకి ముందే ఫ్రిక్‌కి ఉత్తరం రాశాడు. 1901లో కంపెనీని 48 కోట్ల డాలర్లకు జె.పి. మోర్గాన్ వాళ్ళకి అమ్మేశాకే అసలు దానాలు జోరందుకున్నాయి. ఆయన్ని తిట్టమనడం లేదు, రెండూ చూడమంటున్నాను.

గాజువాక అమ్మాయి:
మా నాన్నగారు విశాఖ స్టీల్‌లో పనిచేసి రిటైరయ్యారు. మన దగ్గర ఫర్నేస్‌లకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఇక్కడ కేరీ అనే పేరు చూడగానే "ఇక్కడా ఆడపేరేనా!" అన్నారు. కరిగిన ఇనుము బయటికి తీసే క్యాస్ట్ హౌస్‌లోకి వెళ్ళాక ఇక గైడ్‌కి పని లేదు. ఇనుము బయటికొచ్చే రంధ్రం, ట్యాప్ హోల్, ఎక్కడ తెరుస్తారో, కరిగిన ఇనుము ఇసుక కాలవల్లోంచి ఎటు పారుతుందో, కింద దాన్ని పట్టుకునే లాడిల్ బండి ఎక్కడ నిలబడుతుందో నాన్నే వేలు పెట్టి చూపించారు, నేను ఇంగ్లీషులో చెబుతూ పోయాను. ఆ ఇనుమే నది దాటి హోమ్‌స్టెడ్ వెళ్ళి ఉక్కయ్యేదట. ఇప్పుడు మిగిలింది 1907 నాటి 6, 7 నంబర్ల ఫర్నేస్‌లే, 92 అడుగుల ఎత్తు. మూతపడ్డాక కళాకారులు దొంగచాటుగా దూరి పాత పైపులు, వైర్లతో పెద్ద జింక తల చేసి పెట్టారు, అది మా అమ్మకి నచ్చింది. రవిగారూ, మీ నాన్నగారు ఏ ఉద్యోగం చేశారో చెప్పలేదు. దాన్నిబట్టే ఉంటుందండీ.

ఒహాయో రవి:
నాన్న తెలుగు మాస్టారు. ఫర్నేస్ ఎప్పుడూ చూడలేదు, లైబ్రరీ అంటే ప్రాణం. ఇప్పుడు ఇంకా టెన్షన్ పెట్టారు!

పెన్‌హిల్స్ పద్మ:
ఇంకేం, మ్యూజియమే!

మోనోంగహేలా మూర్తి:
అయితే హోమ్‌స్టెడ్ లైబ్రరీకి తీసుకెళ్ళండి, ఇప్పటికీ నడుస్తోంది. దిగువన పాత కర్మాగారం స్థలంలో షాపింగ్ సెంటర్ కట్టారు. దాని పక్కన 12 ఇటుక పొగగొట్టాలు అలాగే ఉంచారు, కారు దిగకుండానే కనబడతాయి. పింకర్టన్లు దిగబోయిన చోట పంప్ హౌస్ కూడా ఉంది. మోకాళ్ళకి శ్రమ లేదు, టికెట్ అసలే లేదు. మీ ఆవిడకి షాపింగూ అవుతుంది. కేరీ టూర్లు ఏడాది పొడవునా ఉండవు, వెళ్ళాలనుకుంటే తేదీలు చూసి ముందే బుక్ చేసుకోండి.

డాలస్ డాక్టర్:
పార్కింగ్‌లో కూర్చుని చరిత్ర చూడ్డమేంటండీ! డుకేన్ ఇంక్లైన్ అనే కొండ ఎక్కే తాడు రైలు ఎక్కించండి. 1877 నుంచి కొండ ఎక్కి దిగుతోంది. పైనుంచి మూడు నదులూ ఒకేచోట కనబడతాయి, కార్నెగీ గొడవా ఉండదు.

మోనోంగహేలా మూర్తి:
ఆ కొండ పేరు మౌంట్ వాషింగ్టన్. అంతకుముందు దాన్ని కోల్ హిల్ అనేవారు డాక్టరుగారూ. ఆ బొగ్గు ఎవరు తవ్వారో మొదలెట్టమంటారా?