అండమాన్ ఎంపీ గారికి అర్జీ ఎలా పంపాలి?

అందరికీ నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె. మా చిన్నాన్న వాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, స్థిరపడ్డారు. సిక్కోలు నుంచి అలా వెళ్ళిన కుటుంబాలు చాలానే. విశాఖ నుంచి ఓడ ఎప్పుడు కదులుతుందో ముందుగా తెలియక, చిన్నాన్న వాళ్ళ కోసం నానమ్మ కట్టిన ఎండుచేపల మూట, ఆవకాయ జాడీ మూలనే ఉండిపోయాయి. విమానం ఖర్చు మా వల్ల కాదు. అందుకే ఓడ తేదీలు ముందుగా చెప్పేలా చూడమని అండమాన్ ఎంపీ గారికి అర్జీ పెట్టాలనుకుంటున్నాం.

అక్కడ అసెంబ్లీ లేదు. లోక్‌సభకు ఒక్కటే సీటు. డిగ్లీపూర్ నుంచి గ్రేట్ నికోబార్ దాకా ఆ ఒక్క ఎంపీ గారే తిరగాలి, సమావేశాలప్పుడు ఢిల్లీ వెళ్ళాలి. మరి నెలలో జనాన్ని కలిసేది ఎప్పుడు? అర్జీ తెలుగులో రాస్తే చాలా, హిందీలో ఉండాలా? మా ఓట్లు ఇక్కడివి కాబట్టి శ్రీకాకుళం ఎంపీ గారి ద్వారా పంపడమే మేలా? అక్కడున్న తెలుగువాళ్ళు ఎవరైనా దయచేసి చెప్పండి. నానమ్మ రోజూ అడుగుతోంది.