"హు ఫు చి షె": ఈ నాలుగు ముక్కల్ని తెలుగులో ఎట్లా చెప్పాలి?

చైనా వాళ్ళకి నాలుగక్షరాల నానుడి ఒకటుంది, హు ఫు చి షె అని. హు అంటే ఉత్తరాన గడ్డిమైదానాల్లో గుర్రాల మీద బతికే జాతులు, ఫు బట్టలు, చి స్వారీ, షె బాణం వెయ్యడం. ఇప్పుడు పక్కవాడి దగ్గర మంచిది కనిపిస్తే మొహమాటపడకుండా తీసుకోవడం అనే అర్థంలో వాడతారు. పుట్టింది మాత్రం పాత చైనాలో ఒకటైన జావ్ రాజ్యంలో, ఊలింగ్ రాజు హయాంలో (క్రీ.పూ. 325–299). ఒకచోట దీన్ని "హూణుల వేషం" అని తెలుగు చేశారు, నాకెందుకో రుచించలేదు, వేషం అంటే మనకి పగటివేషాలే గుర్తొస్తాయి కదా. మీరేమంటారు?

జవాబు: హూణులు అసలే వద్దండీ. మనకి హూణులంటే గుప్తుల కాలం, ఈ కథకీ దానికీ ఏడెనిమిది వందల ఏళ్ళ తేడా. హు అనేది ఒక జాతి పేరు కూడా కాదు, లిన్‌హు, లౌఫాన్ లాంటి వాళ్ళందర్నీ కలిపి కాస్త చులకనగా అనే మాట, అసలు గొడవంతా ఆ చులకన దగ్గరే. క్రీ.పూ. 307లో రాజు నేను లాగు తొడుక్కుంటా మీరూ తొడుక్కోండి అనేసరికి పెద్దలకి తల కొట్టేసినట్టయింది. కానీ పొడుగు అంగీ, వెడల్పు చేతులతో రథమెక్కి నిలబడొచ్చేమో గానీ గుర్రానికి చెరోపక్క కాలేసి కూర్చుని విల్లు లాగడం కుదరదు, పైగా జోంగ్‌షాన్ రాజ్యం సరిగ్గా జావ్ కడుపులో కూర్చుని ఉంది, చుట్టూ శత్రువులే.

జవాబు: బాబాయి సంగతి వదిలేశారే! రాజుగారి బాబాయి చెంగ్ ఒంట్లో బాలేదని సాకు చెప్పి కొలువుకి రావడం మానేశాడు, రాజే ఇంటికెళ్ళి, బట్టలున్నది వాడుకకి, మర్యాదలున్నది పని జరగడానికి అని నచ్చజెప్పి ఒక జత ఇచ్చాడు, మర్నాడు ఆయన అది వేసుకునే కొలువుకొచ్చాడు. ఆ బాబాయే తర్వాత ఏం చేశాడో చూడండి. రాజు క్రీ.పూ. 299లో బతికుండగానే చిన్నకొడుక్కి గద్దె ఇచ్చేశాడు, 295లో పెద్దకొడుకు తిరగబడి ఓడిపోయి షాచ్యు కోటలో తండ్రి దగ్గర దూరాడు. చెంగ్, లి దుయ్ అనే మంత్రీ ఇద్దరూ కోటని ముట్టడించి ఆ పెద్దకొడుకుని చంపారు, ఇప్పుడు ముట్టడి ఎత్తేస్తే మన తలలు లేస్తాయని భయపడి అలాగే ఉంచేశారు. మూడు నెలలు పైనే. లోపల పాత రాజు గూళ్ళలో పిచ్చుకపిల్లల్ని తీసి తిని చివరికి ఆకలితో పోయాడు. నానుడిలో ఈ ముక్క లేదు మరి.

జవాబు: అయితే "లాగు తొడిగి గుర్రమెక్కడం" అంటే సరిపోదా?

జవాబు: విల్లు ఎగిరిపోయింది గురూగారూ. లాగు కంటే "చల్లడం" బావుంటుందేమో, లాగుకి పాత మాట, సైనికుల వాసన ఉంటుంది.

జవాబు: చల్లడం ఇప్పుడెవరికి తెలుసండీ, నిఘంటువు తిరగెయ్యాలి. నా ఓటు లాగుకే, విల్లు సంగతి కింద ఒక వాక్యంలో రాసుకోవచ్చు.