వైద్యురాలు: ఆ 'ఆలు' భార్యేనా?

స్వీడన్ డాక్టరు కరోలీనా వీడర్‌స్ట్రోమ్ జీవితం తెలుగులో రాస్తున్న మిత్రులు నిన్న ఇక్కడ అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. "ఆలుమగలు అన్నప్పుడు ఆలు భార్యే కదా, మరి వైద్యురాలు అంటే వైద్యుడి భార్య అవదా?"

అవదండీ. వైద్య + ఆలు, అకారం ఉకారమై మధ్యలో రు వచ్చింది అని బళ్ళో రుగాగమ సంధి బట్టీపట్టాం. బాలవ్యాకరణం మాత్రం అది కర్మధారయంలో, అంటే రెండు మాటలూ ఒకరినే చెప్పే సమాసంలో, జరుగుతుందని గిరి గీసి మరీ చెప్పింది. కీలకమంతా అక్కడే ఉంది. వైద్యురాలు 'వైద్యుడి యొక్క ఆలు' అనే షష్ఠీ తత్పురుష కాదు. ఇందులో ఇద్దరు మనుషులు లేరు, వైద్యం చేసేదీ ఆవిడే, ఆలూ ఆవిడే. ఇక్కడ ఆలు అంటే స్త్రీ.

వీడర్‌స్ట్రోమ్ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. ఆ రోజుల స్వీడిష్‌లో 'డొక్తోరిన్నా' అంటే డాక్టరుగారి భార్య. ప్రొఫెసరుగారి భార్య 'ప్రొఫెసొర్‌స్కా'. భర్త హోదాయే భార్యకి బిరుదు. స్వీడన్‌లో ఆడవాళ్ళకి వైద్యవిద్య తలుపు తెరుచుకున్నదే 1870లో. 1856లో హెల్సింగ్‌బోర్గ్‌లో పుట్టిన ఈవిడ, ముందు స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్య చదివి, 1888లో అక్కడి కరోలిన్‌స్కా వైద్య విద్యాసంస్థలో వైద్య పట్టా పుచ్చుకున్నారు. విశ్వవిద్యాలయ స్థాయిలో ఆ చదువు పూర్తిచేసిన మొదటి స్వీడిష్ స్త్రీ ఆవిడే. తర్వాత స్త్రీల జబ్బులకి వైద్యం చేస్తూ, ఒంటి సంగతులు ఆడపిల్లలకి దాచకుండా చెప్పాలని పోరాడారు. ఇది ఎవరి భార్యగానో వచ్చిన డాక్టరీ కాదు.

మన దగ్గర ఈ పట్టింపు పాతదే. తానే బోధించే స్త్రీ ఆచార్యా, ఆచార్యుడి భార్య ఆచార్యానీ అని అమరకోశం విడదీసింది. మొదటిదానికి 'స్వతః' (తనంతట తానే) అనీ రెండోదానికి 'పుంయోగే' (మగవాడితో సంబంధం వల్ల) అనీ గుర్తు పెట్టింది. స్వతః! ఎంత మంచి మాట. వీడర్‌స్ట్రోమ్‌కి అతికినట్టు సరిపోతుంది.

డాక్టరమ్మ అని రాయమన్నవారికి నా మనవి. మా ఊళ్ళో కాంపౌండరు ఖాళీ క్యారియరు తిరిగిస్తూ "డాక్టరమ్మగారికి ఇచ్చెయ్యండి" అంటే ఆవిడ డాక్టరుగారి ఇల్లాలు. పక్క వీధిలో పురుళ్ళు పోసే ఆవిడా డాక్టరమ్మే. పిలవడానికి ఆ మాట నాకూ ఇష్టమే. జీవితచరిత్రలో మాత్రం వద్దు.

వ్యాపార కుటుంబాల్లో పుట్టి ఆస్తి ధర్మానికిచ్చిన స్త్రీల గురించి కూడా రాస్తానన్నారు కదా, వారసురాలు, దాత అన్న రెండు మాటల సంగతీ చెప్పేస్తాను. వారసురాలు నిక్షేపంలాంటి మాట. అరబ్బీ 'వారిస్' మన 'ఆలు'ని కలుపుకుని తెలుగైపోయింది. ఇక దాతకి సంస్కృతంలో స్త్రీలింగం దాత్రి ఉంది గానీ, తెలుగులో నేత, విజేతలాగే దాత కూడా ఇద్దరికీ చెల్లుతుంది. పైగా దాత్రికి పొరపాటున ఒక ఒత్తు పడితే ధాత్రి, అంటే భూమి అయిపోతుంది. దాత అనే ఉంచండి.